శత్రువుగారు గెలిచిన ఏడాది

సైనికాధికారులకు శిక్షణ ఇచ్చే ఆ కళాశాలలో చరిత్ర చెప్పే మేడమ్‌ని అందరూ శత్రువుగారు అనే పిలిచేవారు. చాటుగా కాదు, మొహం మీదే. "శత్రువుగారూ, టీ తాగారా?" అని గుమాస్తాలు పలకరించేవారు. "శత్రువుగారి స్కూటర్ దారికి అడ్డంగా ఉంది, ఎవరైనా చెప్పండి" అని గేటు దగ్గర కాపలావాడు కేకేసేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడేవారు గానీ పాతవాళ్లకి అందులో వింతేమీ కనపడేది కాదు.

సంగతేమిటంటే, ఆ కళాశాలలో ఏటా మూడు రోజులపాటు బల్ల యుద్ధం జరిగేది. పెద్ద హాల్లో, రెండు లారీలు పక్కపక్కన నిలబెట్టినంత బల్ల మీద ఇసుక పోసి, కొండలు, నది, వంతెన, పట్నం, చక్కెర ఫ్యాక్టరీ అన్నీ కట్టేవారు. నీలం చెక్క బిళ్లలు మన సైన్యం, ఎర్ర బిళ్లలు శత్రువు సైన్యం. నీలం బిళ్లలు జరపడానికి అధికారులు ఎగబడేవారు. ఎర్ర బిళ్లలు జరపమంటే మాత్రం అందరికీ ఒకేసారి నడుం నొప్పులు పట్టుకునేవి. ఓడిపోయినవాడిగా ఫోటోలో పడితే ప్రమోషన్‌కి దెబ్బ అని వాళ్ల భయం. అందుకని ఒక ఏడాది ఎవరో తెలివైనవాడు, ప్రమోషన్‌తో పనిలేని మనిషెవరున్నారా అని వెతికి చరిత్ర మేడమ్‌ని పట్టుకొచ్చాడు. "చరిత్రలో సగం ఓడిపోయినవాళ్లే కదండీ, మీకు అలవాటే" అన్నాడు.

అప్పటినుంచి ఆవిడ ఏటా ఓడిపోతూనే ఉంది. ఓడిపోవడం తేలికనుకుంటారు గానీ అదీ ఒక విద్యే. తొందరపడి మొదటిరోజే ఓడిపోకూడదు, మన సైన్యానికి చేతినిండా పని ఉండాలి. అలాగని మొండికేసి మూడోరోజు మధ్యాహ్నం దాకా లాగకూడదు. ఆరోజు భోజనాలకి ముందు ముఖ్య అతిథి వస్తాడు, ఆయన వచ్చేసరికి నీలం బిళ్లలు వంతెన దాటేసి ఉండాలి. పాలు పొంగబోయే క్షణానికి పొయ్యి కట్టేసినట్టు, ఆవిడ సరిగ్గా ఆ వేళకి ఓడిపోయేది. ఏ ఏడూ ఒక్క చుక్క కింద పడలేదు.

ఆ ఏడాది కొత్త బ్రిగేడియర్ వచ్చాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ప్రతి మాటకీ ముందో వెనకో 'ఆధునిక సవాళ్లు' తగిలించకపోతే ఆయనకి ఊపిరాడేది కాదు. డ్రోన్లు ఆధునిక సవాలు, కంప్యూటర్ల మీద దాడులు ఆధునిక సవాలు, ఆఖరికి క్యాంటీన్లో టీ చల్లారిపోవడం కూడా ఆధునిక సవాలే. వచ్చిన వారానికే మేడమ్‌ని తన గదికి పిలిపించాడు.

"మేడమ్, ఇన్నేళ్లూ మీరు ఓడిపోయారు."

"అవునండీ. క్రమం తప్పకుండా."

"ఈసారి నీలం బిళ్లలు జరిపేది నేను, అలా కుదరదు. నిజంగా యుద్ధం చెయ్యండి. ఎంత దుర్మార్గంగా ఆలోచించగలరో అంత దుర్మార్గంగా ఆలోచించండి. ముందే మాట్లాడుకుని ఆడే ఆట నాకిష్టం లేదు."

"నిజంగానే అంటున్నారా?"

"నేను ఒక మాట అన్నానంటే అన్నట్టే."

మేడమ్ మెట్లు దిగుతూ, ఇన్నాళ్లూ ఎవరూ ఈ మాట అనలేదేమా అనుకుంది. ఆ బల్ల మీది వంతెన గురించి ఆవిడ మనసులో ఎప్పటినుంచో ఒక ముల్లు ఉంది. కొన్నేళ్ల కిందట ఒక లెఫ్టినెంట్, క్లాసులో వెనక బెంచీలో కూర్చుని హాయిగా నిద్రపోయే కుర్రాడు, నీలం బిళ్లని వంతెన దాటించి చప్పట్లు కొట్టించుకున్నాడు. రెండేళ్లు తిరక్కుండానే నిజం సరిహద్దులో, నిజం వంతెన మీద అలాగే ముందుకెళ్లాడు. ఒక కాలు లేకుండా తిరిగొచ్చాడు. ఒకసారి చంకలో కర్ర పెట్టుకుని ఆవిడని చూడ్డానికి వచ్చి, "అక్కడ ఇసుక కాదు మేడమ్, కాంక్రీటు" అని నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు. ఆ ఏడాది కూడా మూడోరోజు భోజనాల వేళకి ఆవిడ యథాప్రకారం ఓడిపోయింది.

ఆవిడ సైన్యంలో రెండో మనిషి రేషన్ మేజర్. ఉద్యోగమంతా సైన్యానికి తిండి సరఫరా చేసే విభాగంలో గడిపాడు. రిటైర్మెంటు దగ్గరపడింది. మధ్యాహ్నం ఒక కునుకు తీయడం తప్ప ఆయనకి ఈ లోకంతో పేచీ లేదు.

"మేడమ్, ఈసారి కాస్త త్వరగా ఓడిపోదాం. భోజనం అయ్యాక నాకు కళ్లు నిలవవు" అన్నాడు.

"ఈసారి గెలుద్దామండీ."

ఆయన ఆవిడ వంక, పాముని చేత్తో పట్టుకోమన్న మనిషిని చూసినట్టు చూశాడు. "గెలిస్తే తిడతారేమో?"

"తిడతారు."

"సరే కానివ్వండి. రొట్టెలు రాళ్లలా ఉన్నాయని ముప్పయ్యేళ్లు తిట్టించుకున్నాను. పోయేముందు ఇంకోదానికి తిట్టించుకుంటే కాస్త మార్పుగా ఉంటుంది."

ఇక ఇంటి సంగతి. మేడమ్ భర్త పళ్ల డాక్టరు. ఎదుటి మనిషి నోరు తెరిచి, మాట్లాడలేని స్థితిలో ఉంటే తప్ప కబుర్లు చెప్పే అలవాటు లేనివాడు. ఆ లోటంతా అత్తగారు తీర్చేది. అత్తగారు రోజూ సాయంత్రం కాలనీ పార్కులో నడిచేది. బ్రిగేడియర్ తల్లీ అక్కడే నడిచేది. మొదటిరోజు మోకాళ్ల నొప్పుల దగ్గర పరిచయమై, వారం తిరిగేసరికి 'వదినగారూ' అంటే 'వదినగారూ' అనుకునేదాకా వచ్చారు.

బ్రిగేడియర్‌కి చిన్నప్పటినుంచీ ఒక అలవాటుంది. ఏ పాఠమైనా తల్లికి అప్పజెబితే గానీ ఆయనకి ధైర్యం చిక్కదు. అప్పట్లో ఎక్కాలు అప్పజెప్పేవాడు. ఇప్పుడు యాభై దాటినా, ఆఫీసులో ఏం మాట్లాడాలన్నా ముందురోజు సోఫాకీ ఫ్రిజ్‌కీ మధ్య అటెన్షన్‌లో నిలబడి తల్లికి వినిపించేవాడు. ఆవిడ చెయ్యి చెంపకి ఆనించుకుని వినేది. తడబడితే అందించేది.

బల్ల యుద్ధానికి ముందు ఒక సాయంత్రం, భోజనం దగ్గర అత్తగారు కబురు విప్పింది.

"ఏమ్మాయ్, మీ బ్రిగేడియరు వంతెన మీంచి రాడటగా."

మేడమ్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎవరన్నారు అత్తయ్యా?"

"వదినగారే. వంతెన దగ్గర ఊరికే హడావుడి చేస్తాడట. అందరూ అటు చూస్తుంటే, ఇటు చక్కెర ఫ్యాక్టరీ వెనకాల నీళ్లు మోకాలి లోతున్న రేవు చూసుకుని ట్యాంకుల్ని దింపుతాడట. పాపం ఒకటే అప్పజెప్పడమట, ఆవిడకి నోటికొచ్చేసింది."

"అత్తయ్యా, అది రహస్యమండీ."

"రహస్యమనే కదా మెల్లిగా చెప్తున్నా."

పళ్ల డాక్టరు తలెత్తకుండా తింటున్నాడు. ఇక చెప్పకండి అందామనే మేడమ్ నోరు తెరిచింది. తీరా బయటికొచ్చిన మాట వేరు. "ఏ పూట దిగుతాడట?"

"పొద్దున్నే, టీల ముందు" అంది అత్తగారు, ఇంత ఆసక్తి ఉన్న శ్రోత దొరికినందుకు సంబరపడుతూ.

ఆ తర్వాత మేడమ్‌కి కొంచెం సిగ్గేసింది. ఎక్కువసేపు కాదు. ఫిరంగులు కూల్చిన కోటలకంటే లోపలివాళ్ల నోళ్లు కూల్చిన కోటలే ఎక్కువని ఏటా తనే పాఠం చెప్తుంది. ఊరందరికీ చెప్పిన పాఠం తన దగ్గరికి వచ్చేసరికి పనికిరాదంటే ఎలా? పైగా దుర్మార్గంగా ఆలోచించమన్నది ఆయనే. అలా మనసుని ఒప్పించుకుని, చేతులు కడుక్కుని, ఎర్ర బిళ్లలన్నీ ఎక్కడ దాచాలో ఆలోచించుకుంటూ గిన్నెలు సర్దింది.

మొదటిరోజు హాలు కిటకిటలాడింది. తీర్పరి ఒక రిటైర్డ్ జనరల్. ఎడమ చెవి వినపడదు. చేతిలో పొడుగాటి కర్ర ఉంటుంది, ఎవరి బిళ్ల కదిలినా ఆ కర్రతోనే. బ్రిగేడియర్ పథకం ముందే సీలు వేసి ఆయనకి ఇచ్చాడు. ఆ పథకం తెలిసింది ముగ్గురికే: బ్రిగేడియర్, తీర్పరి, దాన్ని కొలతలు వేసి గీసిన మ్యాపులాయన. నాలుగో మనిషి పార్కులో నడుస్తోందని ఎవరికీ తెలియదు.

బ్రిగేడియర్ డ్రోన్లతో మొదలుపెట్టాడు. వంతెన మీద డ్రోన్లు, కొండ మీద డ్రోన్లు. తర్వాత శత్రువు పవర్ స్టేషన్ కంప్యూటర్ల మీద దాడి చేశాడు.

"మేడమ్, మీ దేశంలో కరెంటు లేదు" అన్నాడు తీర్పరి.

"సరేనండీ. మావాళ్లు బయట మంచాలేసుకుని పడుకుంటారు" అంది మేడమ్.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ ఒక చీటీ తీర్పరికి అందించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదివాడు: "నీలి దేశంలో, నది పక్క పట్నంలో అందరి ఫోన్లకీ ఒక కబురు వచ్చింది. పైన డ్యామ్ గేట్లు విరిగాయి, నీళ్లొచ్చేస్తున్నాయి, పారిపోండి అని. కిందే వరద ఫోటో కూడా ఉంది. ఫోటో పాతది, ఊరు వేరు."

"ఇది యుద్ధమా?" అన్నాడు బ్రిగేడియర్.

"మూడొందల ఏళ్లుగా ఇదే యుద్ధమండీ. అప్పుడు దండోరా వేసేవారు, ఇప్పుడు ఫోన్లు" అంది మేడమ్.

తీర్పరి గడ్డం గోక్కున్నాడు. "పట్నంలో జనం ఎంత?"

"మూడు లక్షలు. సగంమందికి బండ్లున్నాయి, మిగతా సగం మూటలతో నడుస్తారు" అన్నాడు రేషన్ మేజర్. తిండి పెట్టాల్సిన నోళ్ల లెక్క ఆయనకి ఎప్పుడూ తప్పదు.

జనానికి బిళ్లలు లేవు. ఇన్నేళ్ల బల్ల యుద్ధాల్లో జనం అనే వస్తువు ఎవరికీ అవసరం పడలేదు. అందుకని రేషన్ మేజర్ జేబులోంచి వేరుశనక్కాయలు తీసి తీర్పరి చేతిలో పోశాడు. తీర్పరి వాటిని పట్నం నుంచి బయటికొచ్చే రోడ్ల పొడుగునా పరిచాడు. నీలం ట్యాంకులు సరిగ్గా ఆ వేరుశనక్కాయల వెనక ఇరుక్కున్నాయి.

"వాళ్లని తప్పుకోమని చెప్పండి" అన్నాడు బ్రిగేడియర్.

"ఎలా చెప్తారండీ?" అంది మేడమ్.

"ఫోన్లలో. పుకారు నమ్మొద్దని ప్రకటన ఇస్తాం."

"ఆ ప్రకటనే పుకారని ఇంకో కబురు పంపించాను. రెండో చీటీ చూడండి."

తీర్పరి రెండో చీటీ చదివి, మరో గుప్పెడు వేరుశనక్కాయలు అడిగాడు. కొన్ని ట్యాంకులు మాత్రం పొలాలకి అడ్డంపడి ఎలాగో రేవు దాకా చేరాయి. నీళ్లలో దిగాయి. అవతలి గట్టున చక్కెర ఫ్యాక్టరీ రేకుల్ని తీర్పరి పైకెత్తి చూపించాడు. ఎర్ర బిళ్లలు ఒక్కటి కూడా తగ్గకుండా అక్కడే ఉన్నాయి. వంతెన దగ్గర మేడమ్ పెట్టింది ఖాళీ లారీలే.

తీర్పరి కర్రతో నీలం బిళ్లల్ని బల్ల అంచుకి నెట్టి, ఒక్కొక్కటే కింద ఉన్న అట్టపెట్టెలో పడేశాడు. "నీలి సైన్యం ముందు దళం లేదు" అన్నాడు, బస్సు వెళ్లిపోయిందని చెప్పే కండక్టర్లా. అప్పుడే టీ వచ్చింది. రేషన్ మేజర్ తప్ప ఎవరూ ముట్టుకోలేదు.

ఆ మధ్యాహ్నం తలుపులేసుకుని పెద్దలందరూ మాట్లాడుకున్నారు. తర్వాత తీర్పరి ఒక్కడే వచ్చి, మేడమ్ మొహం వంక చూడకుండా చెప్పాడు. "ఆ దళం మళ్లీ బతికిందమ్మా."

"ఎలా బతికిందండీ?"

"శిక్షణ అవసరాల దృష్ట్యా." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకోటి. రేపట్నుంచి పుకార్లు చెల్లవు. జనం ఇళ్లలోనే ఉంటారు."

"ఎవరి మాట విని?"

ఆయన వినపడని చెవి ఇటు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇళ్లలోనే ఉండమన్న జనాన్ని రేషన్ మేజర్ ఒక్కొక్కటే ఒలుచుకుని తిన్నాడు.

బ్రిగేడియర్‌కి మాత్రం ఒకటే ప్రశ్న. వేరుశనక్కాయల సంగతి సరే, రేవు సంగతి ఎలా తెలిసింది? రెండోరోజు పొద్దున్నే రెండు వ్యాన్లు దిగాయి. చెవులకి గొట్టాలు పెట్టుకున్న నిపుణులు దిగి, ఫోన్లన్నీ బకెట్లో వేయించారు. రహస్యంగా మాటలు పట్టే యంత్రం ఎక్కడో దాచారని ఫ్యాన్లు విప్పారు. పూలకుండీలు బోర్లించారు. ఎంత వెతికినా దొరికినవి ఎండిపోయిన ఒక బల్లి, పోయినేడు పోగొట్టుకున్న తీర్పరిగారి పాత కళ్లజోడు. శత్రుదేశం ఆధునిక పరికరాలు వాడింది గనకే ఏమీ దొరకలేదని నిపుణులు తేల్చారు.

పరికరం దొరకకపోతే మనిషైనా దొరకాలి కదా. మ్యాపులాయన ఫోన్లో ఏదో పరాయిదేశం నంబరు నుంచి వచ్చిన కాల్ కనపడింది. లాటరీ తగిలిందని చెప్పే దొంగ కాల్ అని ఆయన ఎంత మొత్తుకున్నా వినలేదు. గుర్తింపు కార్డు లాక్కుని స్టోర్ రూమ్ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. ఉద్యోగంలోంచి తీసేస్తారని సాయంత్రానికి అందరూ గుసగుసలాడుకున్నారు.

మేడమ్ అటుగా వెళ్తే ఆయన లేచి నిలబడ్డాడు. చేతులకి నది రంగు ఇంకా అంటుకునే ఉంది.

"మేడమ్, మీరన్నా చెప్పండి. నేను మీకు ఒక్క ముక్కైనా చెప్పానా?"

"లేదండీ" అంది మేడమ్.

"ఆ మాట వాళ్లకి చెప్తారా?"

చెప్తానని అంది గానీ అదంత తేలిక కాదు. ఎవరు చెప్పలేదో చెబితే చాలదు, ఎవరు చెప్పారో అడుగుతారు. ఆ ముసలావిడని కొడుకు ముందు దోషిలా నిలబెట్టాలి. అత్తగారికి ఊళ్లో ఉన్న ఒక్క స్నేహమూ తెగిపోతుంది. అలాగని ఊరుకుంటే ఏ పాపం తెలియని మనిషి ఇల్లు గుల్లవుతుంది. ఇంటికెళ్లి అత్తగారితో, "బ్రిగేడియరుగారి ఇంటికి వెళ్లాలి అత్తయ్యా" అంది. సంగతంతా చెప్పింది.

అత్తగారు చెప్పులు తొడుక్కుంది. "నేనూ వస్తా. నువ్వు చదువుకున్నదానివి, ఊరంతా తిప్పి చెప్తావు."

వాళ్లు వెళ్లేసరికి బ్రిగేడియర్ సోఫాకీ ఫ్రిజ్‌కీ మధ్య నిలబడి ఉన్నాడు. మర్నాడు ముఖ్య అతిథిగా వచ్చే మంత్రిగారి ముందు చెప్పాల్సింది అప్పజెపుతున్నాడు. వీళ్లని చూసి గబుక్కున చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. తల్లి సోఫాలో కూర్చుని ఉంది.

"సార్, మ్యాపులాయన తప్పేమీ లేదు. రేవు సంగతి నాకు వేరేవాళ్లు చెప్పారు" అంది మేడమ్.

"ఎవరు?"

మేడమ్ మాటలు వెతుక్కుంటోంది. అత్తగారు నోరు తెరవబోయింది. ఈలోపు సోఫాలోంచి జవాబు వచ్చింది.

"నేనేరా."

బ్రిగేడియర్ తల్లి వైపు తిరిగాడు. "నువ్వా?"

"నువ్వు నాకు అప్పజెప్పావు, నేను వదినగారికి అప్పజెప్పాను. ఒక్క ముక్క తడబడకుండా చెప్పావని సంతోషమేసింది. కొడుకు గొప్ప చెప్పుకోవడం కూడా తప్పేనా?"

"అమ్మా, అది రహస్యం."

"ఆ ముక్క నాతో అన్నావా? ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పావు. పదమూడో ఎక్కం ఎవరికీ చెప్పొద్దని నువ్వెప్పుడైనా అన్నావా?"

"నేను మాత్రం మా కోడలికొక్కదానికే చెప్పాను" అంది అత్తగారు, వదినగారికి అండగా. కాస్త ఆగి, "పాల ప్యాకెట్ల అమ్మాయికి కూడా చెప్పాననుకో. దానికి యుద్ధాలంటే పడదు" అని కలిపింది.

బ్రిగేడియర్ సోఫా చివర కూలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "రెండు వ్యాన్లు పిలిపించాను. ఫ్యాన్లన్నీ విప్పించాను" అన్నాడు, తనలో తను.

"ఫ్యాన్లేం చేశాయిరా పాపం" అంది తల్లి.

"మీరు మొదటిరోజే చెప్పొచ్చు కదా మేడమ్?"

"దుర్మార్గంగా ఆలోచించమన్నారు కదండీ. ఆ మనిషిని బెంచీ మీద చూశాక ఇంక నావల్ల కాలేదు."

ఆయన లేచి ఫోన్ చేశాడు. మ్యాపులాయనని వెంటనే ఇంటికి పంపమని, కార్డు తిరిగి ఇవ్వమని చెప్పాడు. ఫోన్ పెట్టేశాక కూడా మేడమ్ కదల్లేదు.

"రేపు మంత్రిగారికి ఆ చచ్చిన దళాన్నే చూపిస్తారా సార్?"

"ఇంకేం చూపించను? ఆయన గెలుపు చూడ్డానికి వస్తున్నారు."

అప్పుడు మేడమ్ ఆ లెఫ్టినెంట్ సంగతి చెప్పింది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. పెద్దగా ఏమీ కలపలేదు. ఆ కుర్రాడు బల్ల మీద వంతెన దాటడం, చప్పట్లు, తర్వాత అసలు వంతెన. "ఆ రోజు నేను నిజంగా ఆడి ఉంటే వాడు ఇక్కడే ఒకసారి ఓడిపోయి ఉండేవాడు సార్" అంది.

"ఆ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడమ్మా?" అని అడిగింది బ్రిగేడియర్ తల్లి.

"స్కూల్లో పిల్లలకి డ్రిల్లు నేర్పుతున్నాడండీ."

ఆవిడ తలూపి, కొడుకు వైపు తిరిగింది. "ఏదీ, రేపు చెప్పేది మళ్లీ మొదట్నుంచీ చెప్పు."

ఆయన లేచి నిలబడ్డాడు. "మన సైన్యం ఎదురులేని..." అని ఆగిపోయాడు.

"ఊఁ, ఆగావేం?"

"గుర్తు రావట్లేదమ్మా."

ఆవిడ అందించలేదు.

మూడోరోజు మంత్రిగారు వచ్చారు. ముందు ఫోటోలవాళ్లు, వెనక సహాయకులు. బల్ల మీద నీలం బిళ్లలు తళతళలాడుతూ వంతెన అవతల వరసగా నిలబడి ఉన్నాయి. బ్రిగేడియర్ కర్ర పట్టుకుని బల్ల పక్కకి వచ్చాడు.

"సార్, మీరు చూస్తున్నది మూడోరోజు. మొదటిరోజు టీల వేళకే ఈ దళం లేదు."

మంత్రిగారు సహాయకుడి వంక చూశారు, సహాయకుడు బల్ల వంక చూశాడు. "లేదా? మరి ఇవేమిటి?"

"చచ్చినవే సార్. లేపి నిలబెట్టాం."

"నేనే పెట్టెలో వేశాను" అన్నాడు తీర్పరి. చెవి వినపడదు గనక హాలంతా మారుమోగేలా అన్నాడు.

బ్రిగేడియర్ మొత్తం చెప్పేశాడు. డ్యామ్ కబురు, రోడ్ల మీద జనం, ఫ్యాక్టరీ రేకుల కింద ఎర్ర బిళ్లలు. రేవు సంగతి ఎలా పొక్కిందో కూడా దాచలేదు. "మా ఇంట్లోంచే సార్. నా నోటితోనే. ఆ సంగతి తేలకముందు నేను అనుమానించింది ఈయన్ని" అని మ్యాపులాయనని ముందుకు పిలిచి, అందరి ఎదుటా క్షమించమన్నాడు. మ్యాపులాయన ఏం చేయాలో తెలియక బల్ల అంచు తుడిచాడు.

వెనక పెద్ద అధికారుల మొహాల్లో నెత్తురు చుక్క లేదు. ఒకాయన సర్దిచెప్పబోయాడు. "సార్, అదంతా ఊహ. ఒక పుకారుకి ఊరు ఊరంతా రోడ్డెక్కుతుందా?"

మంత్రిగారు ఆయన్ని జాలిగా చూశారు. "ఎక్కుతుందయ్యా. నేను రెండు ఎన్నికలు గెలిచింది ఎలా అనుకున్నావ్?"

ఆ మాటకి నవ్వాలో మానాలో తెలియక అందరూ ఇసుక వంక చూశారు. మంత్రిగారు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మొదటిరోజు ఆట మళ్లీ ఆడి చూపించమన్నారు. వేరుశనక్కాయలు అయిపోతే క్యాంటీన్ నుంచి తెప్పించారు. ఆయన తనే చేత్తో రోడ్ల మీద పరుస్తూ, డ్యామ్ కంటే బ్యాంకులు మూసేస్తున్నారనే కబురు ఇంకా బాగా పనిచేస్తుందని, ఫోటోకి బదులు ఏడుస్తున్న ఆడమనిషి గొంతు పంపాలని, పంపేవాళ్లు తెలిసిన బంధువులై ఉండాలని సలహాలిచ్చారు. ఆయన చెప్పినవి అధికారులు వంగి వంగి రాసుకున్నారు. భోజనాలు చల్లారిపోయాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో తను అంత భయపడింది ఆ గంటలోనేనని మేడమ్ తర్వాత అత్తగారికి చెప్పింది.

మంత్రిగారు సంబరంగానే వెళ్లారు. సంబరపడనిది పైవాళ్లు. ముఖ్య అతిథికి ఓటమి చూపించినందుకు బ్రిగేడియర్‌కి రావాల్సిన ప్రమోషన్ ఆగిపోయింది. ఇంట్లో ఆఫీసు విషయాలు మాట్లాడకూడదని కాలనీ అంతటికీ హెచ్చరిక వచ్చింది. ఆ హెచ్చరిక తమ గురించేనని ఇద్దరు వదినగార్లూ పార్కులో నాలుగు రోజులు గర్వంగా తిరిగారు. మ్యాపులాయన మళ్లీ పనిలో చేరాడు గానీ చాలాకాలం బ్రిగేడియర్‌తో కొలతల గురించి తప్ప మాట్లాడలేదు. బ్రిగేడియర్ కూడా ఆయన్ని తొందరపెట్టలేదు.

తర్వాత ఒక శనివారం, క్లాసులు లేని పూట, మేడమ్ హాల్లో తన పుస్తకం మర్చిపోయి వెతుక్కోవడానికి వచ్చింది. బ్రిగేడియర్ ఒక్కడే బల్ల దగ్గర నిలబడి ఇసుక సర్దుతున్నాడు.

"మేడమ్, ఒకటి అడుగుతాను. మా అమ్మ చెప్పకపోయుంటే ఏం చేసేవారు?"

"తెలీదండీ. రేవు నాకు తట్టేది కాదేమో."

"అయితే ఆడదామా? నేను ఎవరికీ అప్పజెప్పలేదు."

ఆవిడ బ్యాగు కుర్చీలో పెట్టి ఎర్ర బిళ్లలు తీసుకుంది. ఆయన ఈసారి వంతెనా ముట్టుకోలేదు, రేవూ ముట్టుకోలేదు. ముందే పట్నంలోకి నలుగురు మనుషుల్ని పంపి, వీధివీధికీ ఒక తెలిసిన మొహాన్ని నిలబెట్టి, ఏ కబురొచ్చినా ముందు వాళ్లని అడగమన్నాడు. ఆవిడ పుకార్లు ఒకటి తర్వాత ఒకటి తేలిపోయాయి. సాయంత్రానికి ఎర్ర బిళ్లలు కొండ వెనక మూలలో చిక్కుకుపోయాయి, బయటపడే దారి లేదు.

మేడమ్ బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది. ఏ తప్పూ కనపడలేదు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఇన్నిసార్లు ఓడిపోయినా ఎప్పుడూ ఇంత ఉక్రోషం రాలేదు.

"తాళం వేసుకోవాలండీ" అన్నాడు కాపలావాడు తలుపు దగ్గర నిలబడి.

"సోమవారం మళ్లీ ఆడదాం. బిళ్లలు ఎక్కడివి అక్కడే ఉండనివ్వండి" అని, పుస్తకం సంగతి మర్చేపోయి, మేడమ్ విసవిసా బయటికి నడిచింది.